ఈసీఐఎల్ చూపిన దారి వదిలేసి డబ్బాలు బిగించుకుంటున్నాం

హైదరాబాద్ టెక్నాలజీ చరిత్ర 1998లో సైబర్ టవర్స్‌తో మొదలైందనేది మనం ఇష్టపడి నమ్మే అబద్ధం. అంతకు 31 ఏళ్ల ముందే, 1967 ఏప్రిల్‌లో, నగరానికి రెండో కొసన ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ (ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా) పుట్టింది. ఏఎస్ రావు నగర్‌లో ఫ్లాట్ రేటు ఎంతో టక్కున చెప్పేవాళ్లను ఆ రావు ఎవరని అడగండి, తెల్లమొహం వేస్తారు.

ఆ ఏఎస్ రావే ఈసీఐఎల్‌ను స్థాపించిన అయ్యగారి సాంబశివరావు. ఆయనది పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లు. అల్లూరి సీతారామరాజు సొంతూరూ అదే. బెనారస్‌లో ఫిజిక్స్ చదివి, అక్కడే పాఠాలు చెప్పి, టాటా స్కాలర్‌షిప్ మీద స్టాన్‌ఫర్డ్ వెళ్లారు. తిరిగొచ్చి అణు శాస్త్రవేత్త హోమీ భాభా దగ్గర చేరారు. ఈ వివరాలు ఎక్కడైనా దొరుకుతాయి. ఆయన కంపెనీ ఎలా పుట్టిందన్నదే నాకు ముఖ్యం.

1956 ఆగస్టు 4న ముంబై శివారు ట్రాంబేలో అప్సర అణు రియాక్టర్ పనిచేయడం మొదలైంది. ఇంధనం బ్రిటన్‌ది, కంట్రోల్ వ్యవస్థ రావు బృందానిది. రియాక్టర్ లోపల ఏం జరుగుతోందో బయటికి చెప్పేది డిటెక్టర్ నుంచి వచ్చే అతి సన్నటి కరెంటు. దాన్ని పెంచాలి, కొలవాలి, హద్దు దాటబోతుంటే ఆ క్షణమే అణుచర్యను ఆపే కంట్రోల్ రాడ్లు కిందికి దిగిపోవాలి. అదీ ట్రాన్సిస్టర్లకు ముందున్న గాజు వాల్వుల కాలంలో! పొరపాటు జరిగితే మళ్లీ చూద్దాంలే అనుకునే పని కాదది. ఆ పనిలో చేయి తిరిగినవాళ్లే తర్వాత ఈసీఐఎల్‌కు పునాది అయ్యారు. ఐబీఎం పాత యంత్రాలను మనకు అద్దెకు తిప్పుతున్న రోజుల్లోనే, 1969లో, ట్రాంబేలో డిజైన్ చేసిన టీడీసీ-12 కంప్యూటర్‌ను ఈసీఐఎల్ బయటికి తెచ్చింది.

ప్రభుత్వ అండ లేకపోతే ఆ కంపెనీ నిలిచేదా, అది తయారు చేసిన ఈసీ టీవీ ఏమైందో చూడలేదా అంటారు కొందరు. నిజమే, 1982 ఏషియాడ్ తర్వాత దిగుమతి కిట్ల ముందు ఆ టీవీ ఆగలేకపోయింది. కానీ ఈవీఎంలు తయారు చేస్తున్న రెండు సంస్థల్లో ఒకటి ఇదే. చంద్రయాన్ సంకేతాలు అందుకున్న, బెంగళూరు దగ్గర బ్యాలాలులోని 32 మీటర్ల యాంటెనా వెనకా దీని పనితనం ఉంది. కిట్లు బిగించి టీవీలమ్మిన బ్రాండ్లలో ఇవాళ ఎన్ని మిగిలాయి?

అసలు జబ్బు మార్కెట్లో లేదు, మన కాలేజీల్లో ఉంది. తెలుగు ఇళ్లల్లో ఈసీఈ సీటంటే అర్థం ఏమిటి? సీఎస్‌ఈ రాలేదు, ఎలాగోలా సాఫ్ట్‌వేర్‌లోకి దూరిపోవచ్చు అని. ల్యాబ్‌లో కిట్ ముందే బిగించి ఉంటుంది, రీడింగులు సీనియర్ రికార్డులోంచి దిగుతాయి, ఫైనలియర్ ప్రాజెక్టు అమీర్‌పేటలో రెడీమేడ్‌గా దొరుకుతుంది. నాలుగేళ్లలో సోల్డరింగ్ ఐరన్ ముట్టకుండానే ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు తయారు. ఇలాంటి చోట ఎన్ని వేల కోట్ల రాయితీ పోసినా వచ్చేది బయటి నుంచి తెచ్చిన విడిభాగాలకు మూత బిగించే ఫ్యాక్టరీయే.

ప్రాజెక్టు వైవాకు బయటి నుంచి వచ్చే ఎగ్జామినర్ ఒక్క పని చేస్తే చాలు: బోర్డు మీద ఒక తీగ పీకేసి, మళ్లీ పనిచేయించమనాలి. ఎంతమంది పాసవుతారో లెక్క తేలాక చిప్ ఫ్యాక్టరీల సంగతి మాట్లాడుకుందాం.