సేటు ఫోను టప్పుమంటే

వరంగల్ ఎనుమాముల మార్కెట్ల పొద్దుగాల ఆనాటి ధర పలికే జెండా పాట అయిపోయినంక ఒక్కో ఖరీదుదారు ఒక్కో తీరుగ బేరం జేస్తడు. ఒకాయన మిర్చికాయ ఇరిచి వాసన చూస్తడు. ఒకాయన తొడిమె పట్టుకోని ఎండకు అడ్డం పెడ్తడు. ఇంకొకాయన బస్తా మూతి ఇప్పకముందే "తాలు ఎక్కువున్నది" అంటడు. మా సేటుది మాత్రం అంత ఫోను బేరమే. కోల్డ్ స్టోరేజీల పెట్టిన ఏసీ మిర్చిని గుంటూరు పార్టీలకు అమ్ముడు ఆయన పని, ఆ ధర చిట్టాల ఎక్కిచ్చుడు గుమాస్తాగ నా పని.

ఇదివరకు ఆయన దగ్గర పెద్ద టచ్ ఫోనుండేది. మిర్చి పట్టిన వేలుతోని తెర రుద్దితే ఫోనుకు అర్థమే గాకపోయేది. ఒకవేళ అర్థమైతె అవతలోనికి వీడియో కాల్ పోయేది. అదే వేలు పొరపాటున కంటికి తాకిందంటే ఆ పూట కారోబార్ బంద్. ఇగ హైదరాబాద్ల కొలువు జేసే సేటు కొడుకు దసరాకు వచ్చుకుంట ఒక మడత ఫోను పట్టుకొచ్చిండు.

"నాయినా, ఇది బిజినెస్ ఫోను. బటన్లుంటయి, చార్జింగ్ శానా సేపుంటది, వాట్సాప్ లొల్లి ఉండదు. తెరిస్తే మాట షురూ, మూస్తే మాట బంద్" అని చెప్పిండు. అంతటితోని ఆగలే. 1996ల మోటరోలా వాళ్ళు స్టార్‌టాక్ అని మడత ఫోను తెచ్చిన్రట, దాని బరువు 88 గ్రాములేనట, అప్పట్ల పెద్ద పెద్ద వ్యాపారులు నడుముకు తగిలిచ్చుకోని తిరిగేటోళ్ళట. 2004ల రేజర్ వీ3 వచ్చి 13 కోట్లకు పైగ అమ్ముడుపోయిందట. సేటు ఛాతి ఉబ్బింది. పక్కనే కాంట మీద చెయ్యేసి నిలబడ్డ, బస్తాలు తూచే దడువాయి మాత్రం, "88 గ్రాములా? మా కాంట మీద అది లెక్కలకే రాదు సేటూ, తరుగుల పోతది" అన్నడు.

సేటుకు అన్నిటికంటే నచ్చింది ఆ మూసే చప్పుడు. టచ్ ఫోన్ల ఎర్ర గుండు ఒత్తితే నీకు కోపమొచ్చిందని ఎవలికి తెలుస్తది? దీన్ని టప్పుమని మూస్తే అవతలోని మూతి మీద తలుపేసినట్టుంటది. ఇంట్ల అద్దం ముందల నిలవడి సాధన చేసిండని సేటమ్మనే చెప్పింది.

మూసుడు బాగనే వచ్చింది గని తెరుసుడు కాడ చిక్కొచ్చింది. సీజన్ల మా మార్కెట్ల గాలే కారం. ఆ దుమ్మంత ఫోను కీలు సందుల, బటన్ల నడుమ పేరుకుంటది. సేటేమో ఒక్క చేత్తోని ఝాడిచ్చి తెరుస్తడు. ఝాడిచ్చినప్పుడల్ల కీలుల ఇరుక్కున్న తేజ మిర్చి దుమ్ము తిన్నగ ముక్కుకు కొడ్తది. అందుకే ఆ ఫోన్ల మా సేటు ముందుగాల "హలో" అన్నది ఎవలూ ఇనలే, తుమ్మే ఇన్నరు. నెక్కొండ రైతొకాయన బండి ఎత్తుకుంట ఫోను జేసి, అవతలికెల్లి తుమ్ము ఇనవడంగనే శకునం బాగలేదని ఆనాడు బస్తాలే పంపలే. చపాటా బేరం నడిచిన దినాలల్ల మాత్రం కొంచెం నయం. 2025ల భౌగోళిక గుర్తింపు వచ్చిన మన వరంగల్ చపాటాకు రంగెక్కువ, కారం తక్కువ. ఆ గుర్తింపు కాయితంల తుమ్ముల సంగతి రాసిన్రో లేదో గని, సేటు రుమాలు మాత్రం తెల్లగనే ఉండేది.

ఇంకో తిప్పల ఉన్నది. ఫోను మూత మీద బయటికి చిన్న తెర ఉంటది. ఎవలు జేసిన్రో అండ్ల చూసి, ఇష్టముంటే తెరువాలె. సేటు దగ్గరున్న పేర్లేమో "మిర్చి పరకాల", "మిర్చి నర్సంపేట", "మిర్చి గుంటూరు". ఆఖరికి మిర్చి పండిస్తడని సొంత బామ్మర్దిని సుత "మిర్చి బామ్మర్ది" అనే రాసుకున్నడు. బయటి తెర మీద పట్టేది ఒక్క మాటే. ఎవలు జేసినా "మిర్చి" అని మెరుస్తది. పేరు పూర్తిగ చూద్దామని తెరిస్తే కాల్ ఎత్తినట్టే. మార్చి రాద్దామా అంటే, ఒక్క అక్షరానికి బటన్ ఎన్నిసార్లు ఒత్తాల్నో లెక్కవెట్టి సేటు ఊకున్నడు.

అసలు ముచ్చట గుంటూరు పార్టీతోని షురువయ్యింది. ధర కాడికి రాంగనే సేటు స్పీకర్ పెట్టి, ఫోనును నా బల్ల మీద తెరిచి ఒరగబెడ్తడు, నేను ఇని చిట్టాల రాసుకోవాలె గదా. ఆనాడు సుత గట్లనే పెట్టిండు.

"సేటు గారూ, మరి 14,000 అయితే లారీ..." అన్నడు గుంటూరాయన. కాల్ కట్.

సేటు చేతులు రెండూ తొడల మీదున్నయి. ఫోను తెరిచే ఉన్నది. నేను ముట్టలే. రెండు నిమిషాలకు మళ్ళ మోగింది. సేటు తెరిచిండు, తుమ్మిండు, స్పీకర్ పెట్టి ఒరగబెట్టిండు.

"అయ్యో, కోపం ఎందుకండీ? 14,200 వేసుకోండి." కట్.

"నెట్‌వర్క్ లేదారా?" అన్నడు సేటు. గీతలు నిండుగున్నయి. మూడోసారి గుంటూరాయన గొంతే మారింది. "మీతో గొడవ దేనికండీ బాబూ, 14,300. ఇక పెట్టేయకండి." పెట్టేసింది సేటు గాదు గని, కాల్ మాత్రం కట్టయ్యింది. సేటు నా దిక్కు చూసిండు, నేను చిట్టాల 14,300 రాసిన.

పొద్దుగూకే వరకు మార్కెట్ అంత పాకింది. సేటు మాట్లాడడట, ఫోను మూస్తడట, రేటు అదే లేస్తదట. పక్క దుకాణపాయన వచ్చి ఆ ఫోను ఎక్కడ దొరుకుతదని అడిగిపోయిండు. సేటు సుత నాలుగొద్దులకు తన మొండితనం మీద తనే నమ్మకం పెట్టుకున్నడు.

గట్ల నడుస్తుండంగ పరకాల కాడికెల్లి బామ్మర్ది ఫోను జేసిండు. రెండేండ్లకోసారి వచ్చే మేడారం జాతర దగ్గరికొచ్చింది. సమ్మక్క సారలమ్మల కాడ బెల్లాన్నే బంగారం అంటరు, మొక్కుంటే మనిషెత్తు తూచి ఇస్తరు. సేటు ఖుషీతోని స్పీకర్ పెట్టి ఒరగబెట్టిండు, కిలోలు నేను రాసుకోవాలె గదా.

"బావా, ఈసారి నీ ఎత్తు బంగారం మేమే ఇస్తం. ఇంతకూ నువ్వు ఎన్ని కిలోలున్నవు..." కట్.

మా సేటు కాంట ఎక్కి ఏండ్లయితది. ఆయన ముందల బరువు మాట ఎత్తితే దడువాయే నాలిక కరుసుకుంటడు. బామ్మర్ది ఆ సంగతి యాదికి తెచ్చుకోని, బావ అలిగిండని అక్కకు ఫోను జేసిండు. ఆ రాత్రి సేటమ్మ ఇస్తారేసింది గని అండ్ల అన్నం వెయ్యలే. "మా తమ్ముడు మొక్కు కోసం అడిగితే మూతి మీద ఫోను మూస్తవా?" అని మాత్రం వడ్డిచ్చింది.

తెల్లారి నన్ను హన్మకొండ చౌరస్తాల ఫోన్లు బాగుజేసే పిలగాని కాడికి తోలిండు. అక్కడ గంటసేపు మాట్లాడినా ఒక్కసారి కట్ గాలే. పిలగాడు నవ్వి, పాత స్పీకర్ల అయస్కాంతం తీసి ఫోను కింది పలకకు ఆనిచ్చిండు. తెర ఆరిపోయింది. "మూతల చిన్న అయస్కాంతం ముక్క ఉంటది అన్నా. కింద హాల్ సెన్సార్ అని ఉంటది. అయస్కాంతం దగ్గరికొస్తే మూత పడ్డదనుకోని కాల్ ఆపేస్తది. మీ దుకాణంల అయస్కాంతమేమన్న ఉన్నదా?"

ఉన్నది. తక్‌పట్టీలకు, అంటే రైతులకిచ్చే లెక్క చీటీలకు, గుచ్చే గుండుసూదుల డబ్బా. దాని మూతికి అయస్కాంతం ఉంటది, సూదులు కిందవడకుంట. సేటు రోజూ ఫోను ఒరగబెట్టేది దానికే. ఎడ్విన్ హాల్ అనేటాయన 1879ల కనిపెట్టిన సూత్రమట, సేటు కొడుకు ఫోన్ల చెప్పిండు. ఆ దొరకు మిర్చి బేరం సంగతి ఏం తెల్సు!

డబ్బా తీసి అల్మారిల పెట్టిన. ఆనాడు గుంటూరాయన మాట మధ్యల తెగలే, అందుకని ఆపలే. తాలున్నదన్నడు, తేమున్నదన్నడు, చైనాకు ఎగుమతి లేదన్నడు, లారీ కిరాయి పెరిగిందన్నడు, అర్ధగంట మాట్లాడి 13,600 కాడ తేల్చిండు. సేటు ఫోను మూసిండు. టప్పుమన్నది గని అండ్ల మునుపటి జోరు లేదు.

"డబ్బా తియ్యిరా" అన్నడు.

అప్పటి సంది నా కొలువుల ఇంకో పని కలిసింది. వ్యాపారం ఫోనైతే డబ్బా బల్ల మీదికి, ఇంటి ఫోనైతే డబ్బా అల్మారిలకు.

మొన్న ఫోను మోగింది. బయటి తెర మీద "మిర్చి" అని మెరిసింది. గుంటూరు పార్టీ జేసే యాళ్ళే. సేటు సైగ జేసిండు, నేను డబ్బా పెట్టిన. ఆయన తెరిచి, తుమ్మి, స్పీకర్ పెట్టి ఒరగబెట్టిండు.

"బావా, కోపం వోయిందా? నువ్వు బరువు చెప్పకున్న..." కట్.

ఇద్దరం డబ్బా దిక్కు చూసినం. అయిదు నిమిషాలకు మళ్ళ మోగింది. ఈసారి బయటి తెర మీద పేరు పూర్తిగ కనవడ్డది, రెండక్షరాలే గదా: "ఇల్లు". సేటు ఫోనును మెల్లగ నా దిక్కు జరిపిండు.