పతకాల పుస్తకాలు పిల్లల చేతికా?

అమెరికాలో బాలల బొమ్మల పుస్తకాలు వేసే చిత్రకారులకు ఏటా ఇచ్చే కాల్డికాట్ పతకం 1938 నుంచి నడుస్తున్నా, ఆ పుస్తకాలను అసలు పిల్లలకు అందుబాటులో ఉంచవచ్చునా అన్న ప్రశ్న ఇంతవరకు చర్చకు రాకపోవడం శోచనీయం. కథ కోసం బొమ్మల పుస్తకం తెరిచే అమాయకపు రోజులు పోయాయి. ఇప్పుడు బాధ్యత తెలిసిన ప్రతి పెద్దమనిషీ కథ జరుగుతున్న వైపు కన్నెత్తి చూడకుండా, బొమ్మను మూలమూలలా గాలించి, ఈ చిత్రకారుడు కిందటి పుస్తకంలో దాచినదాన్ని ఇందులో ఎక్కడ దాచాడో తేల్చిన తరువాతే కాఫీ ముట్టుకుంటున్నాడు.

చిత్రకారుడు క్రిస్ వాన్ ఆల్స్‌బర్గ్ కుక్క సంగతే చూడండి. 1979లో వచ్చిన ఆయన తొలి పుస్తకంలో ఫ్రిట్జ్ అనే బుల్ టెరియర్ ఒక మాంత్రికుడి తోటలోకి పారిపోతుంది. కథ నడిచేదే దానివల్ల గనుక అభ్యంతరం లేదు. ఆ తరువాతి పుస్తకాలలో మాత్రం దానికి పనేమీ లేకపోయినా పిలవని పేరంటానికి వస్తూనే ఉంది. 1982లో పతకం పొందిన 'జుమాంజీ'లో చక్రాలమీద లాగే ఆటబొమ్మగా వచ్చింది. 1986లో పతకం పొందిన 'పోలార్ ఎక్స్‌ప్రెస్'లో మంచం కోడుకు తొడిగిన చేతిబొమ్మగా వచ్చింది. కిటికీ అవతల మంచులో, ఉత్తర ధ్రువానికి పోయే రైలు ఆవిరి చిమ్ముతూ ఆగి ఉంటే, దాన్ని వదిలి మంచం కోడును పరికించే నిగ్రహం సామాన్యులకు అలవడేది కాదు.

1964లో పతకం పొందిన మారిస్ సెండాక్ పుస్తకం 'వేర్ ద వైల్డ్ థింగ్స్ ఆర్'లోనూ కుక్క ఉంది. కథానాయకుడైన అల్లరి పిల్లవాడు మాక్స్ ఫోర్కు పట్టుకొని తరిమే ఆ కుక్కకు సెండాక్ పెంచుకున్న జెన్నీ పోలికే. అయితే అసలు చిక్కు చంద్రుడితో వచ్చింది. మాక్స్‌ను గదిలో పెట్టినప్పుడు కిటికీలో నెలవంక ఉంటుంది, అతడు వింత మృగాల దీవి నుంచి తిరిగి వచ్చేసరికి పున్నమి చంద్రుడుంటాడు, అమ్మ పెట్టిన భోజనం మాత్రం ఇంకా వేడిగానే ఉంటుంది. నెలవంక నిండడానికి పదిరోజులైనా పడుతుంది కదా, అన్నాళ్లూ దాన్ని ఎవరు వెచ్చబెట్టారన్నది తేలకుండా పుస్తకం మూసేవారిని చూస్తే జాలి వేస్తుంది. ఇక డేవిడ్ వీస్నర్‌కు 1992లో పతకం తెచ్చిన, కప్పలు ఎగిరే పుస్తకం చివర పందులు గాలిలోకి లేవడమూ, 2002లో ఆయన గీసిన మూడు పందుల కథకే పతకం దక్కడమూ కాకతాళీయమని నమ్మేవారితో వాదన అనవసరం.

ఇంత గంభీరమైన శాస్త్రానికి అడ్డంకి పిల్లలే. మనం కళ్లజోడు సర్దుకునేలోగా ఒళ్లో కూర్చున్న నాలుగేళ్ల పిల్ల "కుక్క!" అని వేలుపెట్టి చూపి, అదొక ఆవిష్కరణ అన్న స్పృహైనా లేకుండా పేజీ తిప్పేస్తుంది. పైగా ఆ రైలు ఎటు పోతోందని అడుగుతుంది. కనుక వీరికి పతకం రాని పుస్తకాలు ఇస్తే చాలు, వాటిలో కుక్క కుక్కలాగే ఉంటుంది.

మరొక విన్నపం. పతకం వచ్చిన పుస్తకం అట్టమీద బంగారు రంగు ముద్ర ఒకటి అంటిస్తారు. ఈ పతకానికి పేరిచ్చిన ఆంగ్ల చిత్రకారుడు కాల్డికాట్ 1878లో గీసిన, ఒక హాస్యకవితలోని నాయకుడు జాన్ గిల్పిన్ అందులో గుర్రంమీద దౌడు తీస్తుంటాడు. ఆ ముద్ర కింద బొమ్మలో కొంత భాగం కప్పబడిపోతోంది. అక్కడ ఏ కుక్క దాగి ఉందో ప్రచురణకర్తలు బహిరంగంగా ప్రకటించాలి. ప్రకటించేదాకా, గ్రంథాలయంవారు ఎంత జరిమానా వేసినా సరే, దాన్ని గోటితో గీకి చూడడం మాకు తప్పదు.