కొత్తగా చేరిన కప్లింగ్ గారికి

మహారాజశ్రీ విస్కస్ కప్లింగ్ గారి సముఖమునకు, ఏపీ 09 నంబరు గల పాత కారు యజమాని నమస్కరించి వ్రాయునది.

మీరు మా కారులో చేరి పద్నాలుగు నెలలైంది. ఇంతవరకు మన మధ్య మాటల్లేవు. మీరు కింద గేర్‌బాక్స్ తోకలో, నేను పైన ఏసీలో (అది పనిచేసిన రోజుల్లో). ఇవాళ ఒక అవసరం పడి రాస్తున్నాను. అవసరం ఏమిటో తర్వాత చెబుతాను. ముందు మీకో సంగతి తెలియాలి. మీకంటే ముందు ఆ కుర్చీలో ఉన్నాయన కాలం తీరి పోలేదు. నేనే చంపాను. డిస్కౌంట్‌కు ఆశపడి చంపాను.

మీ ఉద్యోగం ఏమిటో మా అపార్ట్‌మెంట్‌లో ఎవరికీ తెలియదు. నాలుగు చక్రాలూ లాగే మా కారులో, ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య మీరు పెద్దమనిషి. ఇద్దరూ ఒకే వేగంతో నడిచినంతసేపు మీకు పనిలేదు, అరుగు మీద చుట్ట కాల్చుకుంటున్నట్టు ఉంటారు. ఒకరు బురదలో దిగబడి గిరగిరా తిరిగారనుకోండి, అప్పుడు లేస్తారు. మీ డబ్బాలో చిల్లులు పొడిచిన పల్చటి రేకులుంటాయి. సగం ఈ పక్షానివి, సగం ఆ పక్షానివి, ఒకటి విడిచి ఒకటి. వాటి మధ్య చిక్కటి సిలికోన్ ద్రవం. రెండు పక్షాల వేగాల్లో తేడా వస్తే ఆ ద్రవం మథనపడి వేడెక్కుతుంది. వంటనూనె వేడెక్కితే నీళ్ళలా అవుతుంది. ఇది అలా కాదు, ఉబ్బి, రేకులను అదిమి, రెండు పక్షాలనూ కలిపి కట్టేస్తుంది. తగువు తీరగానే చల్లబడి వదిలేస్తుంది. వైరు లేదు, సెన్సర్ లేదు, కంప్యూటర్ లేదు. కోపమొస్తే పని, కోపం తగ్గితే సెలవు. మా తాతగారు ఇదే పద్ధతిలో అరవై ఏళ్ళు కాపురం చేశారు.

ఈ కారు నేను సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. నంబరు ప్లేటు వేసినప్పుడు రాష్ట్రం ఏపీ. 2014లో కొత్త బండ్లకు టీఎస్ వచ్చింది, 2024లో టీజీ వచ్చింది. మావాడు మాత్రం మారలేదు. పదిహేనేళ్ళు నిండితే రిజిస్ట్రేషన్ మళ్ళీ చేయించుకోవాలి, అది కూడా ఐదేళ్ళకే. మనుషులకు ఈ రూలు లేనందుకు సంతోషించాలి. కొన్న కొత్తలో పార్కింగ్‌లో ఎవరు కనిపించినా పట్టుకుని, 1980లో జెనీవా మోటార్ షోలో ఆడి క్వాట్రో కారు వచ్చిందనీ, అప్పటిదాకా జీపులకే పరిమితం అనుకున్న నాలుగు చక్రాలతో లాగే విద్య ర్యాలీల్లో అందరినీ ఓడించిందనీ, నా కారుది కూడా ఆ గోత్రమేననీ చెప్పేవాణ్ణి. రెండో అంతస్తు ఆయన అంతా ఓపిగ్గా విని, "అది సరేనండీ, మైలేజ్ ఎంతిస్తుంది?" అన్నారు.

దీన్ని కొన్నది ఎందుకంటే, వాన కోసం. హైదరాబాద్‌లో వాన పడితే రోడ్డు ఎక్కడ అయిపోయి నాలా ఎక్కడ మొదలవుతుందో తెలియదు కదా, నాలుగు చక్రాలూ లాగే బండి ఉండాలి అని నా వాదన. 2020 అక్టోబరు 13 రాత్రి ఊరు మునిగింది. నేను సాయంత్రమే బయల్దేరాను. ఏళ్ళ తరబడి ఎదురుచూసిన పరీక్ష. నాలుగు చక్రాలూ సమానంగా లాగే కారు, ట్రాఫిక్ జామ్‌లో నాలుగు చక్రాలూ సమానంగా ఆగి ఉంటుందని ఆ రాత్రి మూడు గంటల పాటు తెలుసుకున్నాను. పక్కనుంచి ఒక కుర్రాడు పాత మోపెడ్‌ను మోకాలి లోతు నీళ్ళలో నడిపించుకుంటూ దాటిపోయాడు.

సరే, హత్య సంగతికి వస్తాను.

ఒకరోజు ముందు టైర్లు రెండూ అరిగాయి. షాపులో "రెండు కొంటే వీల్ అలైన్‌మెంట్ ఫ్రీ" అని బోర్డు. వెనకవి ఇంకో ఏడాది లాగుతాయని రెండే వేయించాను. కొత్తవాటి గాడి లోతు 8 మిల్లీమీటర్లు, వెనకవాటిది 3. ఐదు మిల్లీమీటర్లంటే ఎంత, చిటికెన వేలి గోరంత కూడా ఉండదు. కానీ ఆ ఐదు వ్యాసార్ధంలో తేడా. చుట్టుకొలతకు వచ్చేసరికి 31 మిల్లీమీటర్లవుతుంది. నా సైజు టైరు ఒక చుట్టుకు రెండు మీటర్ల పైచిలుకు వెళ్తుంది. లెక్కేస్తే వెనక చక్రాలు ముందువాటికంటే కిలోమీటరుకు ఏడు చుట్లు ఎక్కువ తిరగాలి. ఏఎస్ రావు నగర్ నుంచి గచ్చిబౌలికి, మళ్ళీ ఇంటికి, యాభై కిలోమీటర్ల పైమాటే. అంటే రోజుకు మూడు వందల యాభై చుట్ల తగువు. బురద లేదు, జారుడు లేదు, పట్టపగలు, పొడి రోడ్డు మీద. ఆ పెద్దమనిషి పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ తగువులోనే కూర్చున్నాడు. ఇలాంటి కార్లకు చుట్టుకొలతలో తేడా ఆరు మిల్లీమీటర్లు దాటకూడదంటారు. అంటే గాడిలో ఒక్క మిల్లీమీటరు. ఈ ముక్క ఆ బోర్డు మీద లేదు.

కొన్ని నెలలకు రోగం బయటపడింది. స్టీరింగ్ పూర్తిగా తిప్పి పార్కింగ్‌లోకి వస్తుంటే ఎవరో వెనకనుంచి హ్యాండ్‌బ్రేక్ లాగినట్టు బండి బిగుసుకుపోయేది. టైర్లు కిర్రుమని నేలను గీరేవి. ఇందులో పెద్ద చిక్కు ఏమిటంటే, ఇదంతా అరగంట నడిచి వేడెక్కాకే. పొద్దున్నే మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే బుద్ధిమంతుడిలా గుండ్రంగా తిరిగేది. "ఏం లేదు సార్, మీకు అలా అనిపిస్తోంది" అనేవారు. డాక్టరు గదిలోకి అడుగుపెట్టగానే జ్వరం తగ్గే పిల్లాడు గుర్తొచ్చాడు.

మొదటి షెడ్డులో వీల్ బేరింగ్ అన్నారు. మార్చాం. రెండో షెడ్డులో సీవీ జాయింట్ (చక్రానికి తిరుగుడు అందించే కీలు) అన్నారు. దాని రబ్బరు బూట్ నిజంగానే చిరిగి గ్రీజు చిమ్ముతోంది కాబట్టి ఆ ఖర్చుకు ఏడవను. మూడో ఆయన చేతులు కట్టుకుని చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, "అమ్మేయండి సార్" అన్నాడు. అందరిలోకీ నిజాయితీపరుడు ఆయనే, కానీ అప్పుడు నాకు కోపం వచ్చింది. ఆ కోపంలోనే ఇంట్లో బాగుచేసుకుంటానని శపథం చేశాను. కారు కంప్యూటర్‌లో లోపాల కోడ్స్ చదివే బ్లూటూత్ స్కానర్ కొన్నాను. తగిలిస్తే "కోడ్స్ ఏమీ లేవు" అంది. ఎందుకుంటాయి? సెన్సర్ లేనివాడి గుండెపోటు కంప్యూటర్‌కు ఎలా తెలుస్తుంది? ఆ "ఏమీ లేవు" చూసి నేను నెలరోజులు ధైర్యంగా తిరిగాను. అదే మీ పూర్వీకుడికి ఆఖరి నెల అనుకుంటాను.

తర్వాత వెనక డిఫరెన్షియల్ (వెనక రెండు చక్రాలకూ తిరుగుడు పంచే గేర్ల డబ్బా) మీద అనుమానపడి, ఆయిల్ మారుద్దామని ఒక ఆదివారం సెల్లార్‌లో కారు కిందికి దూరాను. కింది బోల్టు విప్పాను. ఎనిమిది వందల మిల్లీలీటర్ల పాత నూనె చక్కగా డబ్బాలోకి దిగింది. ఇంత సులువా అని నన్ను నేనే మెచ్చుకున్నాను. తర్వాత కొత్త నూనె పోసే పై బోల్టు విప్పబోయాను.

రాలేదు.

పానా మీద నిలబడ్డాను. రాలేదు. తుప్పు వదిలించే స్ప్రే కొట్టి రాత్రంతా నానబెట్టాను. రాలేదు. నూనె కార్చే ముందు, నూనె పోసే దారి తెరుచుకుంటుందో లేదో చూసుకోవాలి. ఈ పని ఎప్పుడైనా చేసిన ప్రతివాడికీ ఇది తెలుసు, ఎందుకంటే ప్రతివాడూ ఒకసారి నాలాగే కూర్చుని ఉంటాడు. ఐదు రోజులు చుక్క నూనె లేకుండా కారు సెల్లార్‌లో పడి ఉంది. అసోసియేషన్ ప్రెసిడెంట్ గారు నేలమీద మరకను చెప్పుతో చూపించి ఏమీ అనకుండా వెళ్ళిపోయారు. అనుంటే బాగుండేది. చివరికి అపార్ట్‌మెంట్ బోరు మోటారు బాగుచేయడానికి వచ్చినతను నా అవస్థ చూసి, వాచ్‌మన్‌తో నాలుగడుగుల ఇనప పైపు తెప్పించి, పానా పిడికి తొడిగి, ఒక్క గుంజు గుంజాడు. తుపాకీ పేలినట్టు శబ్దమైంది. బోల్టు తిరిగింది. "బోర్ మోటరే నయం సార్" అని వెళ్ళిపోయాడు.

కొత్త నూనె పోశాను. రోగం అలాగే ఉంది.

వెనకనుంచి వచ్చే గురగుర ఎక్కడిదో విందామని వెనక చక్రాలు రెండూ జాకీతో లేపి స్టాండ్ల మీద పెట్టాను. ఇంజన్ స్టార్ట్ చేసి గేర్ వేయబోతుంటే పక్క బిల్డింగ్‌లో ఉండే కాకా పరుగెత్తుకొచ్చాడు. ఆర్టీసీలో మెకానిక్‌గా రిటైరైన మనిషి.

"ఏం జేస్తున్నవ్ రా? బతకాలని లేదా? ముంగట టైర్లు నేల మీదనే ఉన్నయ్ గదా. గేర్ల బెట్టినవంటే స్టాండ్ల మీదకెల్లి దుంకి గోడలకు పోతది. ఇసొంటి బండికి నాలుగూ గాల్లకు లేపాలె."

ఎదురుగా గోడ ఉంది. గోడకు, కారుకు మధ్య మా ప్రెసిడెంట్ గారి స్కూటరు ఉంది. కప్లింగ్ గారూ, ఆ క్షణంలో మీ జాతి శక్తి ఏమిటో నాకు మొదటిసారి అర్థమైంది.

కాకా స్కానర్ అడగలేదు. సాయంత్రం అరగంట కారు తిప్పించి, ఖాళీ గ్రౌండ్‌లో స్టీరింగ్ చివరిదాకా తిప్పి, నడక వేగంతో గుండ్రంగా పోనిమ్మన్నాడు. బండి ఎగిరెగిరి బిగుసుకుంది. కాకా దిగి, టైర్ల వైపు చూసి, టేపు తెమ్మన్నాడు. ఇంట్లో ఉన్నది అమ్మ జాకెట్లు కుట్టే టేపు ఒక్కటే. దాన్ని టైరు చుట్టూ తిప్పాం. దానికి మసి అంటింది. అమ్మ సంగతి కనుక్కుని, "అరిసెల పాకం లాంటిదన్నమాట. ముదిరాక నీళ్ళు పోసినా మళ్ళీ లేతపాకం కాదు" అంది. మూడు షెడ్లలో ఎవరూ ఇంత బాగా చెప్పలేదు. రోజూ వేడెక్కి వేడెక్కి ఆ ద్రవం పాడైంది, ఇక వదలడం చేతకాదు. నాలుగు కొత్త టైర్లు వేసినా లాభం లేకపోయింది.

మీ కోసం రాణిగంజ్‌లో నాలుగు దుకాణాలు తిరిగాను. జుమ్మెరాత్ బజార్‌లో పాత ఇనుము మధ్య కూడా వెతికాను. పేరు చెబితే ఒకాయన క్లచ్ ప్లేటు చూపించాడు, ఇంకొకాయన "ఫెవికాలా?" అన్నాడు. చివరికి మీరు విదేశం నుంచి కస్టమ్స్ దాటి వచ్చారు. మీ వెల నాలుగు టైర్ల కంటే ఎక్కువని చెప్పి మిమ్మల్ని ఇబ్బంది పెట్టను. విప్పడానికి ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ (వెనక చక్రాలకు తిరుగుడు మోసుకెళ్ళే పొడుగాటి కడ్డీ) అంచుకీ డిఫరెన్షియల్ అంచుకీ కలిపి కాకా చాక్‌పీసుతో ఒక గీత గీశాడు, తిరిగి అదే వరసలో బిగించకపోతే వణుకుతుందట. రెండు ఆదివారాలు పట్టింది. పాతాయన మా బాల్కనీలో ఆవకాయ జాడీ మూత మీద బరువుగా కూర్చున్నాడు. ఇప్పటికీ ఏదో ఒకటి పట్టుకునే ఉన్నాడు.

ఇక నా అవసరం.

నేనిప్పుడు బేగంపేటలో ఒక టైర్ల షాపు బెంచీ మీద కూర్చుని ఉన్నాను. కుడి వెనక టైరు పక్కగోడలో ఇనప చువ్వ దిగింది. అక్కడ పంక్చర్ వేయడం కుదరదు. ఓనరు టీ ఇప్పించి, "ఒక్కటి మార్చేద్దాం సార్, ఇవాళ ఆఫర్ ఉంది" అంటున్నాడు. వద్దన్నాను, గట్టిగానే అన్నాను. స్టెప్నీ వేయమన్నాను. వేసి బిగించాక గుర్తొచ్చింది, అది ఒక్కరోజూ రోడ్డెక్కలేదు. దాని గాడి 8 మిల్లీమీటర్లు. మిగతా మూడూ అరిగి 6 మీద ఉన్నాయి.

ఒక్క చక్రమే కాబట్టి సగం తేడా వెనక డిఫరెన్షియల్ భరిస్తుంది. మీ వాటాకు వచ్చేది కిలోమీటరుకు ఒకటిన్నర చుట్టు. ఇంటికి పన్నెండు కిలోమీటర్లు. మొత్తం పద్దెనిమిది. నెమ్మదిగా పోతాను, యూటర్న్‌లు తీసుకోను, మధ్యలో సంగీత్ చౌరస్తా దగ్గర పది నిమిషాలు ఆపి మిమ్మల్ని చల్లబడనిస్తాను. రేపు పొద్దున్నే నాలుగూ ఒకే అరుగుదలలో ఉండేలా చూస్తాను, అమ్మ టేపు సాక్షిగా.

జవాబు రాయనక్కర్లేదు. పార్కింగ్ మలుపులో కిర్రుమనకుండా ఉంటే చాలు.

ఇట్లు,
మీ పూర్వీకుణ్ణి పొట్టన పెట్టుకున్న,
ఏపీ 09 యజమాని