రాడార్ విమానం ఒక్క రౌండ్ కొడితే చెట్ల లెక్క తేలిపోదు

నల్లగొండ, పాలమూరు గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది: "విమానానికి రాడార్ పెట్టి ఒక్కసారి తిప్పితే జిల్లాలో ప్రతి చెట్టూ లెక్కకొస్తుంది, అది ఆకుల్లోంచి కూడా చూస్తుంది, హరితహారం మొక్కలు ఎన్ని బతికాయో తేలుతుంది, నైసార్ ఉపగ్రహం ఇప్పటికే ఈ పని చేస్తోంది." ఇది నమ్మి ఊళ్లో మొక్కలు చూసుకోవడం మానేస్తే నష్టం మనకే.

ఆకుల్లోంచి చూడటం ఏ రాడార్ అన్నదాన్ని బట్టి ఉంటుంది. రాడార్లలో పొట్టి తరంగాల రకమైన ఎక్స్ బ్యాండ్‌లో తరంగం పొడవు సుమారు 3 సెంటీమీటర్లు, చాలావరకు పై ఆకులు, రెమ్మల దగ్గరే తగిలి తిరిగొస్తుంది. ఒక్కో చెట్టును విడిగా పట్టిన ప్రయోగాల్లో పేరున్నది స్వీడన్ రక్షణ పరిశోధకుల కారాబాస్ అనే రాడార్, అది విమానం మీంచి 20 నుంచి 90 మెగాహెర్ట్జ్‌లో, అంటే సుమారు 3 నుంచి 15 మీటర్ల తరంగాలతో పనిచేసింది. అంత పొడవు తరంగానికి ఆకులు దాదాపు లేనట్టే, నేలకూ మొద్దుకూ (చెట్టు కాండానికి) రెండింటికీ తగిలి వెనక్కి వచ్చే సంకేతమే దానికి చెట్టు.

మరి నిరుడు నాటిన మొక్కకు మొద్దేది? అది బతికిందో ఎండిందో ఈ రాడార్ చెప్పలేదు. హరితహారంలో ఇంకా మొద్దు కట్టని మొక్కల మాట అక్కడితో సరి.

"ప్రతి చెట్టూ" అన్నది ఇంకా పెద్ద తప్పు. నల్లగొండ పొలం గట్ల మీద దూరదూరంగా నిలబడ్డ పెద్ద చెట్లు దొరికే అవకాశం ఉంది, ఒప్పుకుంటాను. కానీ నల్లమల అడవిలోని అమ్రాబాద్ గుట్టల్లో నేల ఏటవాలు, మొద్దుకూ నేలకూ మధ్య లంబకోణం తప్పుతుంది, సంకేతం పడిపోతుంది, దాంతో అంతే లావు చెట్టు చిన్నదానిలా కనిపించొచ్చు, అసలు కనిపించకనూ పోవచ్చు. దగ్గరదగ్గరగా ఉన్న రెండు మొద్దులు ఒకే చుక్కగా కలిసిపోతాయి. మహబూబ్‌నగర్ పిల్లలమర్రినే తీసుకోండి, ఎకరాల మేర పరుచుకుని ఊడలే మొద్దులైన ఆ ఒక్క మర్రిని ఎన్ని చెట్లుగా లెక్కేస్తుంది?

నాసా, ఇస్రో కలిసి చేసిన నైసార్ 2025 జులై 30న శ్రీహరికోట నుంచి వెళ్లింది, అందులో ఎక్స్ బ్యాండ్ కంటే పొడవు తరంగాల ఎల్, ఎస్ బ్యాండ్ రాడార్లున్నాయి, గొప్ప పనే. అయితే అడవి బయోమాస్‌ను, అంటే చెట్టూ చేమల మొత్తం బరువును, అది హెక్టారు చొప్పున అంచనా వేయడానికి ఉద్దేశించింది, చెట్టు చొప్పున కాదు.

"కింద మనుషులు తిరగక్కర్లేదు" అని కూడా కొందరు కలుపుతున్నారు. రాడార్ సంకేతాన్ని కలప లెక్కగా మార్చాలంటేనే కొన్ని చోట్ల టేపు పట్టుకుని, ఛాతీ ఎత్తులో, అంటే మన దగ్గర 1.37 మీటర్ల దగ్గర, మొద్దుల చుట్టుకొలత తీసి సరిచూసుకోవాలి.