ముక్క తిందాం, పులుసు తగ్గిద్దాం

గౌట్ (యూరిక్ ఆమ్లం పెరిగి కీళ్ళు వాచి నొప్పి పుట్టే జబ్బు) ఉందని తెలియగానే చేపలు పూర్తిగా మానేయమని సలహా ఇవ్వడం, ఆ సలహా విన్నవారు ఊరికి దూరంగా ఇక్కడ ఏడాదంతా నోరు కట్టుకొని సెలవులకు నెల్లూరు చేరగానే పూటపూటా తినడం మనవాళ్ళలో మామూలైపోయింది. నా దృష్టిలో ఈ రెండూ సరైనవి కావు.

చేపల్లోని ప్యూరిన్లు అనే పదార్థాలు ఒంట్లో యూరిక్ ఆమ్లంగా మారతాయి. రక్తంలో అది డెసిలీటరుకు సుమారు 6.8 మిల్లీగ్రాములు దాటితే కీళ్ళలో స్ఫటికాలు కట్టే అవకాశం ఉంది. అయితే అన్ని చేపలూ ఒకటి కావు. నెత్తళ్ళు, కవళ్ళలో ప్యూరిన్లు ఎక్కువ; ఎండబెడితే నీరు పోయి అవి మరింత చిక్కబడతాయి కనుక, మైపాడు నుంచో కొత్తపట్నం నుంచో బంధువులు కట్టి పంపే ఎండు నెత్తళ్ళ పొట్లాన్ని, ఎంత ప్రేమతో పంపినా సరే, ఇంట్లో మిగిలినవారికి వదిలేయడమే మేలు.

మనం అసలు పట్టించుకోనిది పులుసు సంగతి. చేపను ఉడికించినప్పుడు ప్యూరిన్లలో కొంత భాగం నీటిలోకి దిగుతుంది. ఆ నీటిని పారబోసే వంటల్లో అది లాభమే కానీ, మన వంటలో ఆ నీరే పులుసవుతుంది; మరునాటికి రుచి పెరిగిందంటూ గరిటెలకొద్దీ అన్నంలో పోసుకొనేది దానినే. (మామిడికాయ ముక్కలు వేసినంత మాత్రాన విరుగుడు కాదు.) కాబట్టి నొప్పి లేని రోజుల్లో వంజరం ముక్క ఒకటి తిని, పులుసును అన్నం తడిసేంతకే పరిమితం చేయడం వివేకం. నొప్పి ఉన్న రోజుల్లో చేపల మాట వద్దు. వేపుడుకు తోడుగా బీరు ఎప్పుడూ వద్దు.

ఇక ప్యూరిన్లున్నాయని కందిపప్పు మానేసి చేపలు మాత్రం వదలనివారు మనలో ఉన్నారు. అమెరికాలో సుమారు 47,000 మంది పురుషులను 12 ఏళ్ళు పరిశీలించి 2004లో ప్రచురించిన అధ్యయనంలో మాంసం, సముద్రాహారం ఎక్కువగా తిన్నవారికి గౌట్ ముప్పు పెరిగింది గాని, ప్యూరిన్లున్న పప్పులు, కూరగాయల వల్ల పెరగలేదు.

పథ్యంతో యూరిక్ ఆమ్లం తగ్గేది కొద్దిగానే. వైద్యులు దానిని తగ్గించే అల్లోప్యూరినాల్ వంటి మందు రాస్తే, యూరిక్ ఆమ్లాన్ని డెసిలీటరుకు 6 మిల్లీగ్రాముల లోపు ఉంచడానికి ఆ మందును ప్రయాణాల్లోనూ ఆపకూడదు. మన సంఘం విందుల్లో చిల్లుల గరిటెతో ముక్కలను విడిగా తీసి ఒక పళ్ళెంలో పెట్టి, పులుసును పక్కన వేరే గిన్నెలో ఉంచమని వంటల కమిటీని కోరుతున్నాను.