మహారాజశ్రీ ‘ఏమైపోతానో’ అనే భయం గారి దివ్యసముఖమునకు

అయ్యా,

ఉభయకుశలోపరి. మీరు కుశలంగా ఉన్నన్నాళ్లూ మైగ్రేన్ ఉన్నవారికి కుశలం ఉండదు గనుక, ఈ మాట మర్యాద కోసమే రాశానని గ్రహించగలరు.

మైగ్రేన్ అనే ఈ పార్శ్వపు నొప్పికి ఒక పద్ధతి ఉంది. మందు వేయకపోతే 4 గంటల నుంచి 72 గంటల దాకా కణత దగ్గర కొట్టుకుంటుంది, వెలుతురునూ చప్పుడునూ భరించనివ్వదు, కడుపులో తిప్పుతుంది, ఆ పైన వెళ్లిపోతుంది. మీకు రావడమే తప్ప పోవడం తెలియదు. తల తేలికగా ఉన్న మంగళవారం నాడు కూడా, గురువారం పెళ్లిలో బ్యాండు మేళానికి నొప్పి లేస్తుందేమోనని, లేస్తే ముహూర్తానికి ముందే ఇంటికి రావాలేమోనని, వస్తే వియ్యాలవారు ఏమనుకుంటారోనని మీరు చేయించే కసరత్తు చూస్తే, జబ్బు కన్నా మీ హాజరే పక్కాగా ఉందని ఒప్పుకోక తప్పదు.

మీ జాతకాన్ని మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఎప్పుడో రాసి పెట్టారు. 1995లో మైఖేల్ సల్లివన్, ఆయన సహచరులు 13 వాక్యాల ప్రశ్నావళి ఒకటి తయారుచేసి, నొప్పినే పదేపదే తలచుకోవడం, దాన్ని ఉన్నదానికన్నా పెద్దదిగా చూడడం, ఇక నా చేతిలో ఏమీ లేదని చతికిలబడడం అనే మూడు గుణాలను మీలో గుర్తించారు. ఒక్కో వాక్యానికి 0 నుంచి 4 మార్కులు, మొత్తం 52. మార్కులు ఎంత ఎక్కువ వస్తే అంత చెడ్డదైన పరీక్ష మన ఇళ్లలో ఎవరికీ మింగుడుపడదు గానీ, ఎక్కువ తెచ్చుకున్నవారిలోనే దిగులు, ఆందోళన, ఆగిపోయిన పనులు ఎక్కువగా కనిపిస్తాయి. దిగులుకూ మైగ్రేన్‌కూ రాకపోకలు రెండు వైపులా ఉన్నాయి కాబట్టి నేరమంతా మీ మీదే మోపడం లేదు.

మీ అసలు చాకచక్యం ముందుజాగ్రత్త వేషం కట్టడంలో ఉంది. నొప్పి రాకముందే మాత్ర వేసుకోమని మీరే చెవిలో ఊదుతారు. మైగ్రేన్ ఉన్నవారు నెలలో 10 రోజులో అంతకు మించో ట్రిప్టాన్లనే మైగ్రేన్ మాత్రలను, 15 రోజులో అంతకు మించో పారాసిటమాల్ వంటి మామూలు నొప్పి మాత్రలను మూడు నెలలు దాటి వాడుతూ పోతే, ఆ మాత్రలే కొత్త తలనొప్పిని తెచ్చిపెట్టగలవు. అప్పుడు మీరు ‘నేను ముందే చెప్పలేదా’ అంటారు. జోస్యం చెప్పి, దాన్ని దగ్గరుండి నిజం చేయించిన సిద్ధాంతి మీరు తప్ప మరొకరు ఉండరు.

మీ పుణ్యమా అని మాకు ఇంకో బెడద కూడా ఉంది. ‘అంతా ఆలోచనల వల్లే, ఆలోచించడం మానెయ్’ అనే బంధువులు. నొప్పి నరాలలో పుడుతుంది, చాలా ఇళ్లలో తరతరాలుగా దిగుతుంది. మీరు దాని మీద వడ్డీ వసూలు చేస్తారంతే. పైగా ఆలోచించవద్దన్న కొద్దీ మీరు బలుస్తారని ఆ పెద్దలకు ఎవరు చెప్పాలి?

కాబట్టి మనవి చేసుకునేది ఏమనగా, ఆలోచనల తీరునూ అలవాట్లనూ మార్చే మాటల చికిత్స, అంటే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ, చేసేవారి సలహా ప్రకారం తలనొప్పి డైరీలో మీకంటూ రెండు గడులు కేటాయిస్తున్నాము. ఒకదానిలో మీరు చెప్పిన జోస్యం, రెండవదానిలో నిజంగా జరిగినది రాస్తాము. నొప్పి ఉన్న గంటల్లో మీరు పక్కన కూర్చున్నా సర్దుకుంటాము. నొప్పి లేని రోజులకు మాత్రం ఇకపై లెక్క చెప్పవలసి ఉంటుంది.

జవాబు రాసే శ్రమ తీసుకోకండి. రాత్రి రెండు గంటలకు మీరే స్వయంగా వస్తారని తెలుసు.

ఇట్లు,
మీకు తలలో చోటిచ్చిన ఒకరు