రికార్డు రాసేది ఏఐ, వైవాకు వచ్చేది విద్యార్థి

ఇంజినీరింగ్ మొదటి ఏడాది ల్యాబ్‌లో తరతరాలుగా వస్తున్న ప్రశ్న ఒకటుంది: కరెంటు బిల్లు లెక్కగట్టే ప్రోగ్రాం రాయండి. ఒకప్పుడు దీనికి అరగంట పట్టేది. లైను చివర పెట్టాల్సిన సెమీకోలన్ గుర్తు మర్చిపోతే ఇంకో పావుగంట టెన్షన్. ఇప్పుడు చాట్‌జీపీటీ, కోపైలట్ లాంటి ఏఐని అడిగితే క్షణాల్లో వచ్చేస్తుంది, తప్పు చూపించకుండా రన్ కూడా అవుతుంది. అదే ప్రోగ్రాంలో తెలంగాణ గృహజ్యోతి పథకాన్ని కలపమని అడిగి చూడండి. నెలకు 200 యూనిట్ల వరకు ఉచితం. కోడ్‌లో ‘200 కంటే తక్కువైతే’ అని పడితే, సరిగ్గా 200 కాల్చిన ఇంటికి పూర్తి బిల్లు వెళ్తుంది. 201 కాల్చినవాళ్లు ఆ ఒక్క యూనిట్‌కు కట్టాలా, మొత్తానికా? పథకం ప్రకారం మొత్తానికి. ఆ మాట మనం చెప్పకపోతే యంత్రం తనకు తోచింది రాసేస్తుంది, మనల్ని అడగాలని దానికి తట్టకపోవచ్చు. ఆ 200 గీత దగ్గర ఆగి చూసేవాడే ఇకపై ప్రోగ్రామర్. మన చదువులు మాత్రం ఇంకా సెమీకోలన్ దగ్గరే ఉన్నాయి.

కోపైలట్ 2021లో ప్రయోగాత్మకంగా వచ్చినప్పుడు కోడ్ రాస్తుంటే తర్వాతి లైన్లు సూచించే పనిముట్టే. ఇవాళ్టి ఏజెంట్లు, అంటే అప్పగించిన పనిని సొంతంగా చేసుకుపోయే ఏఐలు, ఫైళ్లన్నీ తిరగేసి, మార్పులు చేసి, పరీక్షించి మరీ చూపిస్తున్నాయి. గూగుల్‌లో కొత్త కోడ్‌లో పావువంతుకు పైగా ఏఐ రాసిందేనని, దాన్ని ఇంజినీర్లు సరిచూస్తారని సుందర్ పిచాయ్ 2024 అక్టోబరులో చెప్పారు. మన హైదరాబాద్ బిడ్డ సత్య నాదెళ్ల 2025 ఏప్రిల్‌లో మైక్రోసాఫ్ట్ లెక్క 20 నుంచి 30 శాతమన్నారు. ఏఐ అమ్ముకునే కంపెనీల అధిపతులు చెప్పే మాటలివి, కాస్త తగ్గించుకునే వినాలి. అమెరికాలోని మెటర్ అనే పరిశోధన సంస్థ 2025లో 16 మంది అనుభవజ్ఞులైన డెవలపర్లతో 246 పనులు చేయించి చూస్తే, ఏఐ వాడినప్పుడు వాళ్లకు 19 శాతం ఎక్కువ సమయం పట్టింది. పని అయిపోయాక అడిగితే 20 శాతం వేగంగా చేశామన్నారు! ఆ తర్వాత పనిముట్లు బాగా మెరుగయ్యాయి, నిజమే. కానీ చేయి తిరిగినవాళ్లకే తమ వేగం తెలియకుండా పోతే, కోడింగ్ నిన్నగాక మొన్న మొదలుపెట్టిన కుర్రాడికి తనకేం వచ్చో, ఏం రాదో ఎలా తెలుస్తుంది?

ఏఐ వచ్చి పిల్లల్ని చెడగొట్టిందని గగ్గోలు పెట్టేవాళ్లతో మేం ఏకీభవించం. సీనియర్ ల్యాబ్ రికార్డు చూసి జూనియర్ దించడం, ప్రాజెక్టును డబ్బిచ్చి కొనడం, వైవాలో, అంటే మౌఖిక పరీక్షలో, రెండు నిర్వచనాలు అప్పజెప్పి బయటపడటం చాట్‌జీపీటీ పుట్టకముందు నుంచీ ఉన్నవే. అమీర్‌పేటలో జిరాక్సు మెటీరియల్ బట్టీపట్టి ఇంటర్వ్యూ గట్టెక్కినవాళ్లూ తక్కువేం కాదు. కాకపోతే వాళ్లలో చాలామంది ఉద్యోగంలో చేరాక చిన్నచిన్న తప్పులు దిద్దుతూ అసలు పని నేర్చుకున్నారు. ఇప్పుడు కంపెనీలు ఏఐకి అప్పగిస్తున్నది సరిగ్గా ఆ చిన్న పనుల్నే. ఫ్రెషర్లను తీసుకోవడం మానేసి ఖర్చు మిగిలిందనుకునే సంస్థలకు, పదేళ్ల తర్వాత ఏఐ రాసింది సరిచూసే సీనియర్లు ఎక్కడి నుంచి వస్తారు?

దీనికి మరో ముఖం ఉంది, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడటం లేదు. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలకు మొదటి అడ్డంకి పాయింటర్ల లాంటి కష్టమైన పాఠాలు కాదు, ఇంగ్లిష్‌లో వచ్చే ఎర్రర్ మెసేజ్. లెక్చరర్‌ను మూడోసారి అడగాలంటే మొహమాటం, క్లాసులో నవ్వుతారన్న భయం. అలాంటి పిల్ల ఇవాళ ఆ మెసేజ్‌ను ఏఐ ముందు పెట్టి ‘ఇది ఎందుకు వస్తోంది, తెలుగులో చెప్పు’ అంటే విసుక్కోకుండా పదిసార్లు చెప్పే తోడు ఫోన్‌లోనే ఉంది. చెప్పినదాంట్లో తప్పులు దొర్లుతాయి, అయినా ఇది చిన్న మేలు కాదు. ‘రాసిపెట్టు’ అని అడగడానికీ ‘నా తప్పేంటో చెప్పు’ అని అడగడానికీ ఎంత తేడా ఉందో మొదటి వారంలోనే నేర్పాలి. ఏఐని నిషేధిస్తే ఆ పిల్లే నష్టపోతుంది. డబ్బున్న కుర్రాడు హాస్టల్లో ఎలాగూ వాడుకుంటాడు.

మార్చాల్సింది పరీక్షను. ప్రోగ్రాం రాయమని కాకుండా, రన్ అవుతూనే తప్పు జవాబిచ్చే ప్రోగ్రాం చేతికిచ్చి ఎక్కడ తప్పుతోందో పట్టుకోమనాలి. ఏఐతో రాసుకొచ్చినా సరే, ఫలానా లైను తీసేస్తే ఏమవుతుందో వైవాలో చెప్పమనాలి. మార్కుల్లో సింహభాగం అక్కడే ఉండాలి. విశ్వవిద్యాలయాలు తలచుకుంటే వచ్చే సెమిస్టర్ నుంచే చేయొచ్చు, కొత్త సిలబస్ కోసం కమిటీలు అక్కర్లేదు. కావాల్సింది అధ్యాపకులు. ల్యాబ్ నిండా విద్యార్థులను కూర్చోబెట్టి ఒక్కరిని చూసుకోమంటే వైవా మనిషికి రెండు నిమిషాల్లో ముగుస్తుంది, రెండు నిమిషాల్లో ఎవరి బండారమూ బయటపడదు. ఏఐ ల్యాబ్‌లకు రిబ్బన్లు కత్తిరిస్తున్న యాజమాన్యాలు, ప్రభుత్వాలు ముందు ఖాళీగా ఉన్న అధ్యాపక పోస్టులు నింపాలి.